తాళంచెవి లేని దానం

జూన్ 3

మామయ్యకి,

తప్పు జరిగింది. చేసింది మీరు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే మిగతాది మర్యాదగా రాయొచ్చని చెప్పేశాను.

ఫ్యాక్టరీ గేటు పక్కన కార్మికుల కోసమని మీరు కట్టించి ఇచ్చిన చదువుల గది నాలుగేళ్లుగా మూసి ఉంది. గుమ్మం మీద రాతిపలక మాత్రం నిగనిగలాడుతోంది. 'చదివేవాడికి ఏ తలుపూ మూసి ఉండదు' అన్న మీ మాట దాని మీద చెక్కించారు. సరిగ్గా దాని కింద మన ఫ్యాక్టరీలో చేసిన తాళమే వేలాడుతోంది. తెరిచేవాడు లేక తుప్పు కూడా పట్టింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న జీతం కవరుతో పాటు అందరికీ ఓ చిన్న పుస్తకం పంచారు. 'విజయం, నాయకత్వం, దానం: అధినేత మాటలు' అట. అట్ట మీద మీ బొమ్మ. కరపత్రాలు చదివి నేను చెడిపోయానని అమ్మతో అంటుంటారు కదా, మీ కరపత్రాన్నీ విడిచిపెట్టలేదు. దానం గురించి 'ఇచ్చిన చోటికి తిరిగి వెళ్ళకు' అన్నారు. వెళ్ళలేదు. మాట మీద నిలబడ్డారు, ఒప్పుకుంటాను.

మామయ్యా, గది ఎందుకు మూశారో మాకు తెలియదనుకోకండి. కార్మికుడు చదివితే లెక్క అడుగుతాడు. అడిగేవాడంటే అధిపతికి భయం. అందుకని బయటికి రాతిపలక, లోపలికి చీకటి. ఇది మీరొక్కరు చేసిన పని కాదు, డబ్బున్న వర్గం మొత్తం ఇలాగే చేస్తుంది. దాని గురించి మిగతా నాలుగు పేజీల్లో వివరంగా రాశాను. ఓపికగా చదవండి.

అమ్మ మోకాలు అలాగే ఉంది. మీకు ఉత్తరం రాస్తున్నానంటే, "మీ మామయ్యని ఏమీ అనకు, అంటే మెల్లిగా అను" అంది. మెల్లిగానే అన్నాను.

ఇట్లు,
మీ మేనల్లుడు
(తాళంచెవులు చేసే బెంచీ, కిటికీ వైపు చివర)

జూన్ 9

ఒరేయ్ చిటపటా,

పుట్టగానే నూనెలో ఆవాలు పడ్డట్టు ఏడిచావు. ఆ పేరు పెట్టింది నేనే కనుక వాడుకునే హక్కు నాకుంది.

ఉత్తరం అందింది. తుప్పు పట్టిందన్న చోట ఆగిపోయాను. ఎండకీ వానకీ ఉండే గుమ్మానికి ఇనుప తాళం వేసిన తెలివైనవాడెవడు? పదిసార్లు వేసి, పదిసార్లు తీసి చూడనిదే మన దగ్గర నుంచి ఒక్క తాళమూ బయటికి పోదు. అలాంటిది మన పేరున్న తాళం మన గేటు పక్కనే తుప్పు పట్టి వేలాడుతోందంటే వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు? ఒక మనిషిని పంపుతున్నాను. ఇత్తడి తాళం వేసి, మడతబందులకి నూనె పెట్టి వస్తాడు. చెప్పినందుకు సంతోషం. లోపం చెప్పినవాడే మనవాడు.

మిగతా పేజీలూ చదివాను. నీ చేతిరాత బాగుపడింది.

లెక్క అడుగుతారని భయం అన్నావు. అడగనీ. లెక్క చెప్పలేనివాడు వ్యాపారం చేయకూడదు. గది మూసింది భయంతో కాదు. మొదటి ఏడాది మా ఆఫీసు నుంచి ఓ మనిషిని అక్కడ కూర్చోబెట్టాను. ఏడాదంతా కూర్చున్నా ఒక్కడూ రాలేదని చెప్పాడు. దాహం లేనివాడి నోట్లో నీళ్ళు పోయలేం. ఆ మనిషిని వేరే పనికి తీసుకుని గది మూయించాను. మీవాళ్ళకి చదువు అక్కర్లేదని నాకు బాధే, కానీ బాధపడుతూ కూర్చుంటే ఫ్యాక్టరీ నడవదు.

ఆ పుస్తకం నేను రాయలేదు. నేను అక్కడా ఇక్కడా అన్న మాటలు ఆఫీసువాళ్ళు ఏరి అచ్చేశారు. విజయం అంటే ఏమిటని నన్నడిగితే చెప్పింది ఒకటే: జీతాల రోజున గేటు దగ్గర నిలబడి అందరి మొహాలూ చూడగలగడం. అచ్చులో బాగోదని అది తీసేసి, కొండలూ శిఖరాలూ పెట్టారు. నేను కొండెక్కి ఎరగను.

ఇక్కడి ఆఫీసులో నీకు ఉంచిన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. బెంచీ వదలనంటున్నావు కనుక బలవంతం చేయను. మీ అమ్మని మెట్లు ఎక్కొద్దని చెప్పు.

మీ మామయ్య

జూన్ 14

మామయ్యకి,

అడిగింది ఒకటి, ఇచ్చింది ఒకటి. తలుపు తెరవమంటే గట్టి తాళం పంపిస్తారా?

మీ మనిషి వచ్చాడు. పాత తాళం కోసి తీశాడు. తలుపు బార్లా తెరిచి మడతబందులకి నూనె పెట్టాడు. ఆ కాసేపూ నేను గుమ్మంలో నిలబడి లోపలికి చూశాను. రెండు పొడుగు బల్లలు, గోడ పొడుగునా పుస్తకాలు, అన్నిటి మీదా దుమ్ము. అడుగు లోపలికి పెడుతుంటే "అయ్యా, పక్కకి" అని, తలుపు మూసి, కొత్త తాళాన్నీ చెవులనీ కలిపి కట్టిన దారం తెంపి, తాళం గొళ్ళానికి వేసి, చెవులు రెండూ జేబులో వేసుకున్నాడు. ఒకటి ఇవ్వమన్నాను. "హెడ్డాఫీసులో అప్పగించమన్నారు" అన్నాడు. తలుపు కిర్రుమనకుండా చక్కగా మూసుకుంది. మీ మనిషికి పని వచ్చు.

అక్కడితో ఆగలేదు నా కోపం. మధ్యాహ్నం బెంచీ దగ్గర అడిగాను. "ఇంతమందిమి తాళాలు చేసేవాళ్ళం. మన చేతిలో ఒక తీగముక్క చాలు. సాయంత్రం వెళ్ళి తెరుద్దాం."

నా పక్కన కూర్చునే పెద్దాయన్ని అందరూ నిదానం అంటారు. ఆయన ఆకురాయి ఆపకుండానే అడిగాడు. "ఎవరి గుమ్మం?"

"మనదే."

"మనదని ఎవరు చెప్పారు?"

"రాతి మీద చెక్కి ఉంది కదా."

"రాయి చెబితే చాలదు అబ్బాయీ. మనిషి చెప్పాలి."

ఎదురుగా కూర్చునే పొట్టి అన్న నవ్వాడు. "వీడి మాట వింటే ఇవాళ గది, రేపు బ్యాంకు. ఎల్లుండి మనల్ని బొక్కలో వేస్తే మన మీద కరపత్రం వేస్తాడు."

అందరూ నవ్వారు. ఇంటివాడు నోరు తెరిచి చెప్పనిదే ఏ తాళమూ తీయకూడదట. తీసినవాడిని బెంచీ మీద కూర్చోనివ్వరట. అది తరతరాల కట్టుబాటట. చెప్పండి మామయ్యా, ఇలాంటి కట్టుబాటు ఎవరికి లాభం? ఇనప్పెట్టెలున్న వాళ్ళకి. మీరు చేయించేది తలుపుల తాళాలే అనుకున్నాను. మా బుర్రలకి కూడా వేయించారని ఇప్పుడు తెలిసింది.

ఒక్కసారి వచ్చి కళ్ళారా చూడండి. అంతకంటే నేనేం అడగను.

ఇట్లు,
మేనల్లుడు

అమ్మ తాళం చూసి వచ్చింది. "ఎంత బాగుందిరా, మనింటికి కూడా ఒకటి పంపమని రాయి" అంది. రాశాను.

జూన్ 20

ఒరేయ్ చిటపటా,

ఇంటికి తాళం పార్సిల్లో వేయించాను. రెండు చెవులున్నాయి, ఒకటి దాచమను.

ముందు కట్టుబాటు సంగతి. అది నేను పెట్టింది కాదు. నేను ఆ బెంచీ మీద కూర్చునే నాటికే ఉంది. మీ నాన్నా నేనూ ఒకే రోజు పనిలో చేరాం. పక్కింటి ముసలావిడ చెవి పారేసుకుని బయట నిలబడితే మీ నాన్న చిటికెలో తీసిపెట్టాడు. ఆవిడే బతిమాలింది, అయినా మర్నాడు బెంచీ పెద్ద పిలిచి, "ఆవిడ చెప్పిందని ఎవరు విన్నారు?" అని అడిగాడు. ఆవిడ వచ్చి చెప్పేదాకా మీ నాన్నకి ఇనుము బిగించుకునే వైస్ ఇవ్వలేదు. మనం చేసిన తాళం వేసుకుని నలుగురూ నిద్రపోతున్నారంటే ఇనుము మీద నమ్మకంతో కాదు, అది చేసినవాళ్ళ మీద నమ్మకంతో. నేను ఇవాళ ఈ మేడలో కూర్చున్నానంటే ఆ నమ్మకాన్ని అమ్ముకునే. బుర్రకి తాళం అన్నావు. దాన్ని వాళ్ళే, తమకి తాముగా వేసుకున్నారు. వాళ్ళని చిన్నచూపు చూడకు.

రెండోది, వచ్చి చూడమన్నావు. అది నా వల్ల కాదు. ఎందుకో చెబుతాను. అది కూడా అచ్చులో తీసేశారు.

చిన్నప్పుడు నా బడి ఖర్చు ఒక ధాన్యం వ్యాపారి భరించాడు. ఏడాదికి రెండు చొక్కాలు కూడా ఇచ్చేవాడు. అప్పుడప్పుడూ బడికి వచ్చి నన్ను అందరి ముందూ నిలబెట్టి చొక్కా చూసేవాడు. చిరిగితే "ఇచ్చినదాన్ని చూసుకునేది ఇలాగేనా" అనేవాడు. చిరగకపోతే "తొడుక్కోకుండా దాచుకుంటున్నావా" అనేవాడు. మంచివాడే. ఆయన లేకపోతే నేను లేను. కానీ ఆయన బండి లాంటి చప్పుడు వినపడితే ఈ రోజుకీ నా వీపు ముడుచుకుంటుంది. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో. అందుకని నేను ఇచ్చిన చోటికి వెళ్ళను. నా కళ్ళ ముందు ఎవడూ చొక్కా సర్దుకోకూడదు. నువ్వు దాన్ని పొగరు అనుకున్నావు. అనుకో.

అయితే నీ బాధ నిజం. నాయకత్వం గురించి నాకు తెలిసింది ఒకటే. ఎవడు లోపం చూపిస్తే వాడి చేతిలోనే దాన్ని బాగుచేసే పని పెట్టాలి. అరిచేవాడు నిజంగా అరుస్తున్నాడా, గొంతు బాగుందని అరుస్తున్నాడా అన్నది అప్పుడు తేలుతుంది. గది నీకు అప్పగిస్తున్నాను. వచ్చే సోమవారం నుంచి నువ్వు బెంచీ మీద కాదు, గదిలో కూర్చుంటావు. జీతంలో తేడా రాదు. మేనేజరుకి ఆర్డరు వెళ్ళింది. ఇదే కదా నీకు కావలసింది.

మీ మామయ్య

జూన్ 28

మామయ్యకి,

ఇది కాదు నాకు కావలసింది. కానీ ఈసారి అరవను. వారం రోజులుగా మాట్లాడే మనిషి లేక గొంతు కూడా వాడకంలో లేదు.

మీ ఆర్డరు నోటీసు బోర్డు మీద అతికించారు. మా బెంచీవాళ్ళు చదివి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం చేతులు కడుక్కునే చోట పొట్టి అన్న మాత్రం, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్నాడు. నన్ను చూడకుండానే. ఇన్నాళ్ళూ నేను అరిచిందంతా కడుపులో చల్ల కదలని కుర్చీ కోసమే అనుకున్నారు. మధ్యాహ్నం అన్నం దగ్గర నేను వెళ్ళి కూర్చుంటే నిదానం లేవలేదు. ఆయన మర్యాదస్తుడు. తన డబ్బా కాస్త తన వైపు జరుపుకున్నాడు. ఆ జానెడు దూరం గురించి ఏ కరపత్రంలోనూ లేదు మామయ్యా.

నాన్న పోయాక నాకు ఆకురాయి పట్టుకోవడం నేర్పింది ఆ మనిషి. ఆయన ఇక మీదట నా పక్కన కూర్చోడేమోనన్నదే నా భయం. వర్గం సంగతి తర్వాత.

ఇక గది. మొదటి రోజు తుడిచాను. కింది అరలో పుస్తకాలని చెదలు తినేశాయి, పైవి బాగానే ఉన్నాయి. మేనేజరు ఇచ్చిన కాగితంలో తొమ్మిదికి తెరవాలి, ఐదుకి మూసి చెవి గేటు దగ్గర అప్పగించాలి అని ఉంది. తొమ్మిదికి తెరిచాను. ఎవరూ రాలేదు. పిల్లి వచ్చింది. పేరు రాయించుకోలేదు. పన్నెండయింది, ఎవరూ రాలేదు. మీరు నియమించినతను ఏడాది ఎలా కూర్చున్నాడో గానీ నాకు మూడో రోజుకే పిచ్చెక్కింది. మీ మాటే నిజమేమో, మావాళ్ళకి చదువు అక్కర్లేదేమో అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే మంట పుట్టింది.

ఆ రోజు ఐదుకి మూసి చెవి అప్పగిస్తుంటే పని వదిలిన సైరన్ మోగింది. గేట్లోంచి అందరూ బయటికి వస్తున్నారు. చేతిలో చెవి పెట్టుకుని అలా నిలబడిపోయాను.

మామయ్యా, మా పని ఎనిమిదికి మొదలై ఐదుకి అయిపోతుంది. మీ గది తొమ్మిది నుంచి ఐదు. మేం లోపల ఉన్నంతసేపూ అది తెరిచి ఉంటుంది. మేం బయటికి రాగానే మూసేస్తారు. రెండేళ్ల కిందట బెంచీ మీద చేరిన దగ్గర నుంచీ నేను మూసిన తలుపునే చూశాను, వేళల సంగతి నాకు తెలియదు. ఎందుకు వెళ్ళలేదని అప్పట్లో అడిగితే "మనకెక్కడ కుదురుతుందిరా" అన్నారు. పిరికిమాట అనుకున్నాను. అది వేళల సంగతి. ఆ వేళలు ఎవరు పెట్టారని మేనేజరుని అడిగాను. హెడ్డాఫీసు వేళలే ఇక్కడా రాసేశారట. మీకూ భయం లేదు, మావాళ్ళకీ బద్ధకం లేదు. నేను మీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. అయినా తప్పు మాత్రం మీదే. అది వెనక్కి తీసుకోను.

ఎలాగంటే, మీరే రాశారు, పదిసార్లు వేసి తీసి చూడనిదే ఒక్క తాళమూ బయటికి పోదని. అదీ చేసినవాడు చూడకూడదు, వేరే బెంచీవాడు చూడాలి. మరి ఇంత గదిని ఒక్కసారైనా ఎవరైనా తీసి చూశారా? ఆ ధాన్యం వ్యాపారి సంగతి చదివి అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ ఆ పేజీ రెండోసారి చదివాను. కానీ ఆయన వచ్చి చూసింది మిమ్మల్ని. మేం చూడమన్నది గదిని. పుచ్చుకున్నవాడి చొక్కా చూడొద్దు. ఇచ్చిన తాళం పడుతోందో లేదో చూడొచ్చు కదా.

నన్ను కుర్చీలోంచి తీసేయండి.

మేనల్లుడు

అమ్మ ఈ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివి, "మీ ఇద్దరిదీ ఒకే గింజరా, ఎదుటివాడు ఏమంటున్నాడో వినరు, కానీ ఉత్తరాలు మాత్రం బాగా రాస్తారు" అంది.

జూలై 4

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అడిగాను. వేళలు ఎవరు రాశారో ఎవరికీ గుర్తులేదు. సంతకం నాది ఉంది. చదవకుండా పెట్టి ఉంటాను. ఏడాది కూర్చున్నవాడు కూడా ఎవరూ రాలేదన్నాడే గానీ, ఎందుకు రాలేదని నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ పుస్తకం రెండో అచ్చు వేస్తామన్నారు. వద్దన్నాను.

పదిసార్ల సంగతి ఒప్పుకుంటున్నాను. నువ్వు వదిలేసింది ఇంకొకటి ఉంది. దారంతో చెవులు కట్టందే తాళాన్ని మనం పెట్టెలో పెట్టం. చెవి తన దగ్గర ఉంచుకుని తాళం అమ్మేవాడిని మన పనిలో ఏమంటారో నీకు తెలుసు. గది ఇచ్చానన్నాను, రాయి చెక్కించాను. చెవులు హెడ్డాఫీసులో పెట్టుకున్నాను. దాన్ని ఇవ్వడం అనరు.

ఇక్కడున్న చెవిని దారం కట్టి ఈ కవరులోనే పంపుతున్నాను. గేటు దగ్గరున్న రెండోది కూడా నీకు ఇచ్చేయమన్నాను, అదే దారానికి కట్టు. నువ్వు ఉంచుకోకు. బెంచీవాళ్ళకి ఇచ్చి నా మాటగా చెప్పు: ఆ గుమ్మం మీది. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఎవరు కూర్చోవాలో మీ ఇష్టం. ఇందులో నా సంతకం ఈసారి చదివే పెడుతున్నాను.

నీ కుర్చీ ఆర్డరు రద్దు చేశాను, సోమవారం బెంచీకి వెళ్ళు. అయితే ఒకటి. ఆర్డరుతో నీకు కుర్చీ ఇవ్వగలిగాను, వైస్ ఇవ్వగలను. పక్కన కూర్చునే మనిషిని ఇవ్వడం నా చేతిలో లేదు. అది నువ్వే చూసుకోవాలి. ఇంతకు మించి నాకు నాయకత్వం తెలియదు.

నేను రావాలా వద్దా అన్నది కూడా ఇక గదివాళ్ళ మాటే. పిలిస్తే వస్తాను.

మీ మామయ్య

జూలై 9

మామయ్యకి,

నిన్న బెంచీకి వెళ్ళాను. నా స్టూలు కిటికీ దగ్గర లేదు. పెట్టెల పక్కన పెట్టారు. అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ తింటున్నప్పుడు లేచి మీ ఉత్తరం చదివాను. నా మాట ఒక్కటీ కలపలేదు. కలపాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చదివాక చెవులు దారంతో సహా నిదానం ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. "ఆ గుమ్మం సంగతి మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

"మనిషి చెప్పాడు" అన్నాడు.

పొట్టి అన్న, "అయితే వీడి కుర్చీ?" అన్నాడు.

"రద్దు" అన్నాను.

"జీతం పెరిగిందా?"

"లేదు."

"అయితే వీడు నిజంగానే పిచ్చోడు" అన్నాడు. రెండు వారాల తర్వాత నా మీద వేసిన మొదటి జోకు అది.

నిదానం చేతులు చూసుకున్నాడు. మా అందరి గోళ్ళలోనూ ఇత్తడి పొడి ఉంటుంది, మీకు గుర్తుండే ఉంటుంది. "ఐదుకి వద్దు, పుస్తకాలు పాడవుతాయి. కడుక్కుని, టీ తాగి రావాలి. ఆరు" అన్నాడు. మిగతావాళ్ళు డబ్బాలు మూసి పనికి లేచారు. వస్తారో రారో నాకు తెలియదు. నా స్టూలు ఇంకా పెట్టెల పక్కనే ఉంది.

మిమ్మల్ని పిలవాలా అని అడిగాను. పొట్టి అన్నే తేల్చాడు. "రమ్మను. కానీ ఏమీ మాట్లాడకూడదు. మాట్లాడితే మళ్ళీ అచ్చేస్తారు."

గోడకి అంటించడానికి నేను రెండు పేజీల పిలుపు రాశాను. అందులో చరిత్ర ఉంది, వర్గాలున్నాయి, మీరు కూడా ఉన్నారు. నిదానం చదివి, "ఇది చదివేసరికి ఏడవుతుంది" అని ఎక్కువైనదంతా కొట్టేశాడు. మిగిలింది కింద రాస్తున్నాను. మీకూ ఇదే పిలుపు. ముందుగా రాకండి, అందరితో రండి.

మేనల్లుడు

తాళాల బెంచీల వాళ్ళందరికీ,

గేటు పక్క గది మనదని ఇచ్చినవాళ్ళే చెప్పారు. తాళం గొళ్ళానికే ఉంది. చెవి పక్కన మేకుకి వేలాడుతోంది. ఎవరు తీసినా తప్పు లేదు. ఇంతవరకూ ఎవరూ సరిగా తీసి చూడలేదు కనుక పదిసార్లు వేసి, పదిసార్లు తీసి చూద్దాం. పడితే లోపల కూర్చుని చదువుకుందాం.

శనివారం సాయంత్రం ఆరు గంటలకి, చేతులు కడుక్కుని, గది ముందుకి రండి.